వరస

లాం ఫారంలో ప్రతి పది వరసలకూ
ఒక జబ్బు వరస వేస్తాం.
కావాలనే.
బొబ్బర సోకితే అందరికంటే ముందు ఒంగిపోయే రకం,
తెల్లదోమ ఇల్లడుగుతూ వచ్చే రకం.
దానికి మందు కొట్టం.
అది నిండుగా జబ్బు పడితేనే
పక్కవాటి నిబ్బరం తెలుస్తుంది.

సువార్తమ్మకి ఈ సంగతి మొదటిరోజే చెప్పాను,
పందొమ్మిదేళ్ల కిందట.
నారుకట్ట పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది.
"చావటానికి నాటే మొక్కా ఇది?"
"చావటానికి కాదమ్మా, చూపించటానికి" అన్నాను.
నా మాటకి నా నోరే చేదయింది.
ఆమె ఇంకేమీ అనలేదు.
ఆ వరసనే ముందు నాటింది.

సాయంత్రం నాలుగింటికి
రేపు విచ్చుకునే మొగ్గని ఎంచుతుంది.
రేకులు తొలగించి, ఊదారంగు కేసరాల్ని
ఒక్కొక్కటే పట్టకారుతో తీసేస్తుంది.
కీలానికి గోరు తగలకూడదు.
తగలదు.
దూది చుట్టి, దారం కట్టి, చీటీ వేలాడదీస్తుంది.
తల్లి నంబరు, తండ్రి నంబరు, తేదీ.
ఆ రాత నాది. తనకి చదువు రాదు,
కానీ ఎప్పుడూ వరస తప్పదు.
రెండొందల పన్నెండుకి నాలుగొందల ఆరు మేనమామ అంటుంది.
రిజిస్టరు తిరగేసి చూస్తే
నిజమే.

రెండొందల పన్నెండుకి ఏ తెగులూ రాదు.
ఎండితే రంగుండదు, కొరికితే ఘాటుండదు.
యార్డులో దాని టిక్కీ విప్పి చూసేవాడుండడు.
నాలుగొందల ఆరు తొడిమ తుంచితే చాలు
వేళ్లు రెండ్రోజులు మండుతాయి.
కల్లంలో పోస్తే నేల కుంకుమవుతుంది,
నలభై ఐదో రోజుదాకా బతికితే.
ఈ రెంటినీ కలుపుతూనే ఉన్నాం.
పుట్టినదాన్ని మళ్లీ తల్లితో, మళ్లీ,
ఒకటి దొరికితే ఇంకొకటి జారిపోతూ.

వట్టిచెరుకూరు నుంచి దరియావలి వచ్చాడు.
వేళ్లతో సహా పీకిన మొక్కని పేపర్లో చుట్టి,
పెద్దాసుపత్రికి పిల్లని తెచ్చినట్టు
నా బల్ల మీద పడుకోబెట్టాడు.
"షాపతను ఏడు డబ్బాలిచ్చాడు సార్, ఏడూ కొట్టా.
తట్టుకునే విత్తనం ఎప్పుడిస్తారు?"
ఎనిమిదేళ్లు పట్టొచ్చన్నాను.
"నా కౌలు పదకొండు నెలలు" అని నవ్వాడు.
సున్నా నుంచి తొమ్మిది దాకా
జబ్బుకి మార్కులు వేసే వాణ్ణి నేను.
ఆ నవ్వుకి ఎంత వెయ్యాలో తెలియలేదు.

వెళ్తూ వెళ్తూ మళ్ల మధ్య ఆగాడు.
"ఈ వరసకేమైంది?"
చెప్పాను.
కాసేపు చూశాడు.
"నేనూ ఇదే వేశా, మూడెకరాలు.
మీదానికి నయం, పుస్తకంలో చోటుంది."

ఆ ఏడే, జబ్బు వరసలో
అటునుంచి పదిహేడో మొక్క ముడుచుకోలేదు.
అన్నీ పిడికిళ్లయిన చోట
అదొక్కటే అరచేతులు తెరుచుకుని నిలబడింది.
సువార్తమ్మ తన కొంగు అంచులోంచి
ఎర్రటి పోగు లాగి దానికి కట్టింది.
దోమ కంట పడలేదేమో, తొందరపడొద్దన్నాను.
అని, రాత్రి నిద్రపోలేదు.

గుడ్డ గూడు కట్టి
లోపల తెల్లదోమల్ని వదిలాం.
ఇరవై మూడో రోజు పొద్దున
కొస ఆకు పడవలా పైకి లేచింది.
తొమ్మిది వేశాను.
ఆమె పోగు విప్పలేదు.
"వరస కదయ్యా, ఇడిచిపెట్టి ఎట్టా పోద్ది?"

మాఘంలో ఆ వరస పీకి, కుప్పేసి, నిప్పు పెట్టాం.
గిడసబారిన ఆ నాలుగు కాయలకే
పొగ గొంతులో దిగి
ఫారమంతా దగ్గింది.
ఘాటు ఏమీ తగ్గలేదన్నమాట.
ఇన్నేళ్లలో ఎవరం దాన్ని కొరికి చూడలేదు.
రిజిస్టరు తెరిచాను, ఆ గడి లేదు.
సువార్తమ్మ కళ్లు తుడుచుకుంటోంది,
వేళ్లతో కాదు,
మిరప పని చేసేవాళ్లలా
మణికట్టుతో.